మా తాత చుట్ట, మా నాన్న సిగరెట్

"మా తాత తొంభై ఏళ్లు చుట్ట తాగి హాయిగా పోయాడు. సిగరెట్‌కీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ నిజంగా సంబంధం ఉందా, ఊరికే భయపెడతారా?" అని మీరు రాసి అడిగారు. ఈ మాట మా ఇంట్లో పాతికేళ్లు విన్నాను. అనేది మా నాన్న, చూపించేది మా తాతని.

మాది ఒంగోలు దగ్గర పల్లె, పొగాకు పండే ఊరు. తాత రోజుకి రెండు చుట్టలు కాల్చి ఎనభై ఆరేళ్లు బతికాడు. నాన్న లారీ డ్రైవరు. రాత్రిళ్లు నిద్ర ఆపుకోవడానికి మొదలుపెట్టి రోజుకి పాతిక సిగరెట్ల దాకా వెళ్లాడు. రెండూ పొగాకే కదా అంటారు. కాదండీ. చుట్ట పొగ ఘాటు, గుండెల్లోకి లాగలేరు. చాలామంది నోట్లో తిప్పి వదిలేస్తారు, నికోటిన్ నోట్లోంచే ఒంటికి ఎక్కుతుంది. సిగరెట్లలో వేసేది మా వైపు బ్యారన్లలో, అంటే వేడి గదుల్లో, ఆరబెట్టే వర్జీనియా ఆకు. దాని పొగ మెత్తన. దాని నికోటిన్ నోట్లోంచి సరిగ్గా ఎక్కదు, లోపలికి పీల్చాల్సిందే. రోజుకి పాతిక సార్లు, ముప్పై ఏళ్లు పీలిస్తే ఏమవుతుందో మేం కళ్లారా చూశాం. అలాగని చుట్ట మంచిదని కాదు. శ్రీకాకుళం వైపు అడ్డపొగ (నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) తాగే ఆడవాళ్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ సంగతి అక్కడి డాక్టర్లందరికీ తెలుసు.

2013 చలికాలంలో నాన్నకి దగ్గు పట్టుకుంది. డ్రైవర్లకి దగ్గు మామూలే అనుకున్నాం. తర్వాత గొంతు పోయింది. రోడ్డు మీద లారీ ఆపి ఒక్క కేక వేస్తే వెనక దొడ్లో ఉన్న అమ్మకి వినపడే గొంతు అది. బొంగురుపోయి, పక్కన కూర్చుంటే తప్ప మాట అర్థం కాని స్థితికి వచ్చింది. అమ్మ మిరియాల కషాయం కాచింది, పాలల్లో పసుపు వేసి ఇచ్చింది. సంక్రాంతి వెళ్లాక కళ్లెలో నెత్తుటి జీర కనపడింది. టౌన్లో ఒక డాక్టరు ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ అన్నాడు. కళ్లె పరీక్షలో టీబీ క్రిమి లేదని కాగితం మీద రాసే ఉంది. అయినా మందులు రాసేశాడు.

ఐదు నెలలు మింగాడు. మూత్రం ఎర్రగా వస్తుంటే "మందు పనిచేస్తోందే" అని అమ్మకి చెప్పేవాడు. చొక్కాలు వదులైపోతున్నా నమ్మకం మాత్రం సడలలేదు. చివరికి హైదరాబాద్ తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ ఫైలు ఇంకా తెరవనేలేదు, నాన్న నమస్కారం పెట్టి రెండు ముక్కలు మాట్లాడగానే, "గొంతు ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?" అని అడిగింది. ఐదు నెలల్లో ఒక్కరూ అడగని ప్రశ్న! ఎడమ ఊపిరితిత్తిలో గడ్డ పెరిగి గొంతుకి వెళ్లే నరాన్ని నొక్కేసింది. సీటీ స్కాన్, బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) అయ్యేసరికి నాలుగో స్టేజీ క్యాన్సర్ అని తేలింది. బయట బల్ల మీద కూర్చుని నాన్న చొక్కా జేబు తడుముకున్నాడు. అందులో ఏమీ లేదు. "టీబీయే అయినా బాగుండేది కదరా అబ్బాయ్" అన్నాడు. దసరా చూడలేదు. యాభై ఎనిమిదేళ్లు.

తాగినవాళ్లందరికీ రాదు, నిజమే. పొగ ముట్టనివాళ్లకీ వస్తోంది, అదీ నిజమే. కానీ వచ్చినవాళ్ల వైపు నుంచి లెక్క చూడండి. 1950లో డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు లండన్ ఆస్పత్రుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన 649 మంది మగవాళ్లని ఆరా తీస్తే, పొగ అలవాటు లేనివాళ్లు ఇద్దరంటే ఇద్దరే. డాల్ మొదట రోడ్లకి వేసే తారుని అనుమానించాడట. లెక్కలు చూశాక తనే సిగరెట్ మానేశాడు. తర్వాత బ్రిటన్ డాక్టర్లనే 50 ఏళ్లు వెంటాడి చూస్తే, సిగరెట్ మానని వాళ్ల ఆయుష్షు సగటున పదేళ్లు తగ్గింది. యాభైలో మానేసినవాళ్లకి అందులో ఆరేళ్లు వెనక్కొచ్చాయి. మా నాన్నకి యాభై నిండినప్పుడు నేను ఉద్యోగంలో ఉన్నాను. గట్టిగా ఒక్కసారి కూడా చెప్పలేదు. అది నన్నింకా తినేస్తోంది.

ఇంకో బాధ చెప్పాలి. సిగరెట్ పెట్టెల మీద 2009 నుంచి హెచ్చరిక బొమ్మలు వేస్తున్నారు, 2016 నుంచి అవి పెట్టెలో 85 శాతం. మా నాన్న పెట్టె కొన్నదెప్పుడు? ప్రతి బడ్డీకొట్టు దగ్గరా లారీ ఆపి రెండో మూడో విడిగా తీసుకునేవాడు, కొట్టు గుంజకి వేలాడే నిప్పు తాడుతో వెలిగించుకునేవాడు. బొమ్మ కొట్టువాడి ముందే ఉండిపోయేది. ఇప్పుడు తాడు పోయి దారానికి కట్టిన లైటరు వచ్చింది. మా వాడి బడి గేటు ఎదురుగానే అలాంటి కొట్టు ఒకటుంది. బడికి 100 గజాల లోపు అమ్మకూడదని 2003 నుంచి చట్టం ఉంది! విడి సిగరెట్ అమ్మకం ఆపితే చాలు, సగం మంది పిల్లలు మొదలే పెట్టరు. ఇది నా గట్టి నమ్మకం.

మీరు తాగుతారో లేదో, తాగితే ఏది తాగుతారో రాయలేదు. సిగరెట్ అయితే మీ తాత లెక్క మీకు పనికిరాదు. దగ్గు మూడు వారాలు దాటినా, గొంతు మారినా, కళ్లెలో క్రిమి లేకుండానే టీబీ మందులు ఇస్తున్నా సీటీ తీయించమని మీరే అడగండి. డాక్టరు విసుక్కున్నా సరే, అడగండి.