చక్రం పైన ప్లాస్టిక్ తొడుగు ఊడిపోతే...

ప్రశ్న: మా పాత కారు ముందు చక్రం పైన ఉండే నల్ల ప్లాస్టిక్ తొడుగు చిరిగి వేలాడుతోంది. స్టీరింగ్ తిప్పితే టైరుకి రాసుకుని బరబరా చప్పుడు. పీకి పారేస్తే పోదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పారేయకండి. దాన్ని ఫెండర్ లైనర్ అంటారు. అది లేకపోతే వానాకాలంలో టైరు చిమ్మే బురదంతా నేరుగా ఇంజిన్ పక్కకి, హెడ్‌లైట్ వెనకాల వైర్ల మీదకి పోతుంది, ఆ మట్టి తడి ఆరక లోపలి రేకు తుప్పు పట్టడం మొదలవుతుంది. అలాగని వేలాడుతుంటే వదిలేయడమూ ప్రమాదమే, వేగంలో టైరు దాన్ని లాగేసుకోవచ్చు. కొత్తది వచ్చేదాకా జిప్ టైతో (లాగితే బిగుసుకునే ప్లాస్టిక్ పట్టీ) పైకి కట్టేయండి.

కొనేటప్పుడు మోడల్, తయారైన సంవత్సరం, కుడా ఎడమా చెప్పండి, రెండూ ఒకటి కావు. లైనర్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు కూడా కొత్తవే తీసుకోండి. పాతవి ఎండకి పెళుసెక్కి ఉంటాయి, మధ్యలోని పిన్ను పైకి లేపగానే సగం అక్కడే విరుగుతాయి.

బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాక చక్రం విప్పండి. ఒట్టి జాకీని నమ్మి లోపల తల పెట్టొద్దు, లేపిన బండిని కింద నుంచి మోసే స్టాండ్ ఉండాల్సిందే. పాతది తీయగానే మూలల్లో పేరుకున్న మట్టి కడిగి, ఆరాక కొత్తది పైనుంచి సర్ది, అన్ని రంధ్రాలూ కుదిరాకే క్లిప్పులు నొక్కండి. చక్రం బిగించాక స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి, ఎక్కడా రాసుకోకూడదు.