ముగ్గురు అతిథులా, మూడు గెస్టులా?

సందేహం: శ్రీకాకుళం దగ్గర ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తున్నాను. పిల్లల ప్రాక్టికల్స్ కోసం ఒక లినక్స్ సర్వర్ మీద మూడు వర్చువల్ మెషీన్లు (సర్వర్ లోపలే విడి కంప్యూటర్లలా నడిచేవి, ఇంగ్లీషులో గెస్టులు) నడుపుతున్నాం. సూచనలు తెలుగులో ఉంటే బాగుంటుందని గోడకి ఇలా రాసి అంటించాను: ‘ఈ సర్వర్‌పై ముగ్గురు అతిథులు ఉన్నారు. అతిథి స్పందించకపోతే నాశనం చేయండి. అతిథులు వంతెన మీదుగా బయటికి వెళ్తారు.’ పిల్లలు ఒకటే నవ్వు. తప్పెక్కడ జరిగింది? గెస్టుల్ని నెట్‌వర్క్‌కి కలిపే బ్రిడ్జిని వంతెన అనాలా, వారధి అనాలా?

సమాధానం: నేనూ నవ్వాను, ఏమీ అనుకోకండి. మీరు వ్యాకరణం తప్పలేదు, చిక్కంతా అక్కడే ఉంది. తెలుగులో మనుషుల లెక్క వేరు, వస్తువుల లెక్క వేరు. ముగ్గురు చుట్టాలు, మూడు కుర్చీలు. అతిథి అన్నాక ‘ముగ్గురు’ అనక తప్పదు. అది హ్యాంగయితే ‘అతిథి పడిపోయాడు’ అనాలి, వినేవాళ్లు సోడా తెస్తారు. పోనీ ‘పడిపోయింది’ అందామా, ఆ వచ్చినావిడ ఎవరని అడుగుతారు. ఇంగ్లీషు గెస్ట్‌కు ఈ బాధ లేదు, అక్కడ అంకె ఎవరికైనా ఒకటే. అందుకే ‘మూడు గెస్టులు, ఒకటి ఆగిపోయింది’ అని రాయండి. తెలుగే కావాలంటే ‘అతిథి యంత్రం’ అనొచ్చు గానీ, తిథీ వారం చూసుకోకుండా వచ్చేవాణ్ణి కదా అతిథి అంటాం! మీ గెస్టుకు ఎంత మెమరీ, ఎన్ని కోర్లు అన్నది ముందే రాసిపెట్టి ఉంటుంది. గెస్టుల్ని నడిపించే లిబ్‌విర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లోనయితే గెస్టుని డొమైన్ అంటారు. జెన్ అనే వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ కాలం నాటి అలవాటది, వెబ్‌సైటు పేరుతో సంబంధం లేదు.

ఇక ‘నాశనం’. ఇది మాత్రం నవ్వి ఊరుకునేది కాదు. లిబ్‌విర్ట్‌కి ఆదేశాలిచ్చే విర్ష్‌లో షట్‌డౌన్ అంటే గెస్టుని ‘ఇక ఆగు’ అని అడగడం. అది వినొచ్చు, వినకపోవచ్చు. డిస్ట్రాయ్ అంటే ప్లగ్గు పీకేయడం. సేవ్ చేయని పని పోతుంది గానీ డిస్కు ఎక్కడికీ పోదు, మళ్లీ స్టార్ట్ అంటే లేస్తుంది. సాధువులా వినిపించే అన్‌డిఫైన్ ఉందే, గెస్టు వివరాలన్నీ రాసి ఉన్న నమోదుని చెరిపేసేది అది. డిస్కు ఫైలు అప్పటికీ ఉంటుంది, దాన్నీ తీసేయమని విడిగా చెబితే తప్ప. పేర్లు పెట్టినవాళ్లు తారుమారు చేశారు, నిఘంటువు చూసి అనువదించేవాడు ఇరుక్కుంటాడు. పిల్లలకి ‘ప్లగ్గు పీకినట్టు ఆపడం’ అని చెప్పండి. ‘నాశనం’ అని చదివితే అవసరమైన రోజున కూడా ఆ ఆదేశం ఇవ్వడానికి భయపడతారు.

వంతెన సంగతి. మీ ఊళ్లో నాగావళి మీదున్నదాన్నే అందరూ పాత బ్రిడ్జి అంటారు, సర్వర్‌లో ఉన్నదానికి వంతెన ఎందుకు? వారధి అసలే వద్దు. ఒక్క గుడి పడిందంటే వారిధి అవుతుంది, అంటే సముద్రం.

అయితే మీ గెస్టులు నిజంగా బ్రిడ్జి మీదే ఉన్నాయా? లిబ్‌విర్ట్ మామూలుగా ఇచ్చే డిఫాల్ట్ నెట్‌వర్క్‌లో 192.168.122తో మొదలయ్యే అడ్రసులుంటాయి. దాని పేరులోనూ బ్రిడ్జి ఉంటుంది (విర్‌బీఆర్0), పని మాత్రం న్యాట్‌ది, అంటే గెస్టులు సర్వర్ అడ్రసు మీదే బయటికి వెళ్తాయి. దీనికి మన దగ్గర మంచి మాట ఉంది: కేరాఫ్. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర నేను వెనక పోర్షన్‌లో అద్దెకుండేవాణ్ణి. నా ఉత్తరాలు ఇంటాయన కేరాఫ్‌తో వెళ్లేవి, జవాబులు ఆయన లోపలికి పంపేవారు. ఆయనకి ముందు చెప్పకుండా కొత్తవాళ్లెవరైనా నాకు రాస్తే గుమ్మం దగ్గరే తిరిగిపోయేవి. అలా ముందు చెప్పి ఉంచడమే పోర్ట్ ఫార్వర్డింగ్. నెట్‌వర్క్ కార్డుని బీఆర్0 లాంటి బ్రిడ్జికి కట్టి, గెస్టుల్నీ దానికే కడితే ప్రతి గెస్టుకీ సొంత డోర్ నంబరు వచ్చినట్టు. ల్యాబు రౌటరే అడ్రసు ఇస్తుంది, పక్క గదిలోని కంప్యూటర్ నేరుగా పలకరిస్తుంది. పక్క గది పిల్లలకి గెస్టు దొరకడం లేదంటే మీది కేరాఫ్ నెట్‌వర్కే అయి ఉంటుంది, ముందు అది చూసుకోండి.

కాగితం మార్చి ఇలా రాయవచ్చు: ‘ఈ సర్వర్ మీద మూడు గెస్టులు నడుస్తున్నాయి. పలకకపోతే ముందు షట్‌డౌన్ ఇవ్వండి. అయినా ఆగకపోతేనే డిస్ట్రాయ్. అన్‌డిఫైన్ జోలికి పోవద్దు.’ బస్సు, పోస్టుల్లాగే గెస్టుకీ చివర ఉకారం ఉండనివ్వండి, బహువచనం దానంతటదే కుదురుతుంది.