ఒక్క మెషీన్‌తో బెడ్‌సైడ్ అల్ట్రాసౌండ్ నేర్పడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫైనల్ ఇయర్ స్టూడెంట్స్‌కి ఉన్న ఒక్క మెషీన్‌తో ఎలా నేర్పాలని కదండీ మీరు అడిగింది. నేను చెన్నైలో క్యాజువాలిటీలో చేస్తాను, స్టూడెంట్స్‌కీ ఇంటర్న్స్‌కీ నేర్పుతుంటాను, వాళ్ళలో మన నెల్లూరు, చిత్తూరు వైపు పిల్లలు కూడా బాగానే ఉంటారు. నేనైతే ఒకటే చెప్తా, ప్రోబ్ (ఒంటి మీద ఆనించి చూసే భాగం) చేతికిచ్చే ముందు, స్కాన్‌తో ఏం తేల్చుకోవాలో ఆ ప్రశ్న వాళ్ళ చేత చెప్పించండి. "పొట్టలో ఏముందో చూస్తా సార్" అంటే ఇవ్వొద్దు. "లివర్‌కీ కిడ్నీకీ మధ్య ఫ్లూయిడ్ ఉందా లేదా" అనాలి.

నా లెక్కలో మొదటి క్లాసు లంగ్‌తో పెట్టడం మంచిది. పేషెంట్ కూడా అక్కర్లేదు, క్లాస్‌మేట్ ఒప్పుకుంటే చాలు. లీనియర్ ప్రోబ్ ఛాతీ మీద నిలువుగా పెట్టి, రెండు పక్కటెముకల నీడల మధ్య తెల్లగా మెరిసే గీత చూపించండి, అదే ప్లూరా, అంటే ఊపిరితిత్తి మీది పొర, ఊపిరితో పాటు అటూ ఇటూ జారుతుంటుంది, ఇప్పుడు వాణ్ణి ఊపిరి బిగపట్టమనండి, జారడం ఆగిపోతుంది! అది కళ్ళతో చూశాక న్యూమోథొరాక్స్‌లో (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినప్పుడు) ఏం కనపడదో వేరే చెప్పక్కర్లేదు. పైగా ఈ జారడం (స్లైడింగ్) లేనంత మాత్రాన అది న్యూమోథొరాక్సే కాదని, శ్వాస కోసం వేసిన ట్యూబు ఒకే లంగ్‌లోకి వెళ్ళినా, ప్లూరా పొరల మధ్య పాత అతుకులున్నా ఇలాగే ఉంటుందని అప్పుడే చెప్పేయొచ్చు.

తర్వాత ఫాస్ట్ (FAST), అంటే దెబ్బ తగిలినవాళ్ళలో లోపల రక్తం కారిందేమో త్వరగా చూసే స్కాన్. లివర్-కిడ్నీ మధ్య, స్ప్లీన్ చుట్టూ, పెల్విస్, గుండె చుట్టూ, అంతే. గెయిన్ (బొమ్మ వెలుగు) మరీ పెంచేస్తే నల్లగా కనపడాల్సిన ఫ్లూయిడ్ బూడిద రంగులోకి పోతుంది, అందుకే డెప్త్ (ఎంత లోతు కనపడాలో), గెయిన్ వాళ్ళ చేతే మార్పించండి. చిటికెన వేలు పేషెంట్ ఒంటి మీద ఆనించమనండి, చెయ్యి వణకదు. నెగటివ్ వస్తే బ్లీడింగ్ లేదని మాత్రం రాయనివ్వొద్దు ప్లీజ్, కొంచెం రక్తమైతే కనపడదు, పొట్ట వెనక భాగంలో కారేది ఫాస్ట్‌కి దొరకదు. నొప్పితో ఉన్న పేషెంట్ మీద మాత్రం పిల్లలందరి చేతా వరసగా నొక్కించకండి, నాకు అస్సలు నచ్చని పని అది.

ఇంకోటి, పీసీపీఎన్‌డీటీ. కడుపులో బిడ్డ ఆడో మగో చూడకుండా ఆపే 1994 నాటి చట్టం, మనం ఛాతీ చూసినా గుండె చూసినా మెషీన్ దాని కిందికే వస్తుంది. రిజిస్టర్ చేసిన చోటు నుంచి క్లాస్‌రూమ్‌కి తోసుకెళ్ళే ముందు మీ రేడియాలజీ వాళ్ళని అడగండి, గర్భిణుల మీద ప్రాక్టీస్ అసలే వద్దు.

మీ దగ్గర ఏ ప్రోబ్‌లు ఉన్నాయో చెప్తే వాటికి తగ్గట్టు మిగతాది రాస్తా.