‘తప్పయిపోయింది’ అనే హీరోతో ఏం చేయాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మనిషి మీద. ప్రేమ నవలలో తప్పు చేసే హీరో. రాసేవాళ్లూ అడిగారు, చదివేవాళ్లూ అడిగారు. అందుకే ఈ పేజీలు పూర్తిగా అతనికే ఇచ్చేశాం.

నా సీరియల్లో హీరో బుద్ధిమంతుడు, భార్యంటే ప్రాణం. కాకపోతే భోజనాల దగ్గర వాళ్లమ్మ కోడల్ని పుట్టింటి గురించి ఎత్తిపొడుస్తుంటే తల వంచుకుని తింటాడు. పన్నెండో భాగానికల్లా పాఠకులు అతన్ని తిట్టిపోస్తున్నారు. దీనికి ముందు రాసిన సీరియల్లో హీరో ఫ్యాక్షనిస్టు. ఇద్దర్ని నరికాడు. వాడికి మాత్రం అభిమానులు! ఇదేం న్యాయం? – ఒక రచయిత్రి, తెనాలి

న్యాయమేనండీ. కత్తి పట్టినవాడు పాఠకురాలి ఇంట్లో లేడు. తల వంచుకుని పప్పన్నం కలుపుకునేవాడు ఉన్నాడు. ఆమె ఇంట్లో కాకపోతే చెల్లెలి ఇంట్లో ఉన్నాడు. నవల చదివేవాళ్లు హీరో తప్పుని శిక్షాస్మృతి ముందేసుకుని కొలవరు. దెబ్బ ఎవరికి తగిలిందో చూస్తారు, ఆ క్షణంలో వీడి చేతిలో ఏముందో చూస్తారు. మీ ఫ్యాక్షనిస్టు ఎంతమందిని నరికినా హీరోయిన్ మీద ఈగ వాలనివ్వలేదు. మీ బుద్ధిమంతుడు ‘అమ్మా, ఇక చాలు’ అంటే సరిపోయేది. పైసా ఖర్చులేని ఆ మాట కూడా అనలేదు. కోపం అందుకే.

పన్నెండు భాగాల మౌనం చాలా ఎక్కువ. మూడుసార్లు చాలు, అందులోనూ ఏ రెండు మౌనాలూ ఒకేలా ఉండకూడదు. మొదటిసారి అతను నిజంగా తెల్లబోయాడనుకునే వీలు పాఠకులకివ్వండి: కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది, మంచినీళ్లు తాగి లేచిపోయాడు. అంతే, మనసులో మాటలు అక్కర్లేదు. రెండోసారి తర్వాత ఆమె నేరుగా అడగాలి, ‘మీకు వినపడలేదా?’ అని. అతని దగ్గర సమాధానం ఉండకూడదు. మూడోసారి నోరు విప్పాలి. విప్పకపోతే ఆమె ఆ ఇంట్లోంచి బయటికి నడవాలి. ఈ రెండూ కాక నాలుగో మౌనం రాశారంటే పాఠకులు అతన్ని వదిలేసి, ‘నువ్వెందుకు పడి ఉన్నావు తల్లీ’ అని హీరోయిన్ మీద విసుక్కోవడం మొదలుపెడతారు. అక్కణ్నుంచి కథని వెనక్కి తీసుకురావడం చాలా కష్టం.

మీరు పంపిన భాగాల్లో ఒక వాక్యం మాత్రం వెంటనే కొట్టేయండి. రాత్రి గదిలో అతను ఆమె తల నిమురుతూ అంటాడే, ‘అమ్మ సంగతి తెలుసుగా, నువ్వే కాస్త సర్దుకో’ అని. అది మౌనం కన్నా ఘోరం. మౌనానికి భయమో మొహమాటమో కారణమని సర్దిచెప్పుకోవచ్చు. ఈ మాటతో అతను అన్నీ తెలిసే ఊరుకున్నాడని తేలిపోయింది.

అతను నోరు విప్పే చోటు కూడా ముఖ్యం. మాట పడింది భోజనాల బల్ల దగ్గరైతే జవాబూ అక్కడే, ఆ మనుషులందరూ ఉండగానే రావాలి. వంటింట్లోకి వెళ్లి అమ్మతో గుసగుసగా చెప్పింది లెక్కలోకి రాదు. అలాగని కంచం విసిరికొట్టి వేరుకాపురం ప్రకటించనక్కర్లేదు. మీ పాఠకుల్లో అత్తగార్లూ ఉంటారు. ‘అమ్మా, ఆ మాట ఇంకోసారి అనొద్దు. ఆ కూర ఇలా ఇవ్వు’ అంటే చాలు. కూర అడిగాడు కాబట్టి తల్లిని వదిలేయలేదు, మాట అన్నాడు కాబట్టి భార్యనీ వదిలేయలేదు.

హీరో ఆఫీసులో పదిమంది ముందు హీరోయిన్‌కి దొంగతనం అంటగడతాడు. ఆమె తప్పు లేదని తర్వాత తెలుస్తుంది. మొత్తం 40 భాగాలు. క్షమాపణ ఎక్కడ పెట్టాలి? ఎంత పొడవుండాలి? – కొత్త రచయిత, కరీంనగర్

చోటు గురించి అయితే 1813 నాటి జేన్ ఆస్టెన్ ఇంగ్లిష్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ని పక్కన పెట్టుకుని లెక్కవేసుకోండి. అందులో 61 అధ్యాయాలు. పొగరుబోతు హీరో డార్సీ హీరోయిన్ ఎలిజబెత్ దగ్గర మొదటిసారి పెళ్లి మాటెత్తి చీవాట్లు తినేది 34లో. మర్నాడు అతనిచ్చిన ఉత్తరాన్ని మనం చదివేది 35లో. ఆమె చెల్లెలి పరువు నిలబెట్టడానికి చాటుగా డబ్బు కట్టిన సంగతి మేనమామ భార్య రాసిన ఉత్తరం వల్ల ఆమెకి 52లో తెలుస్తుంది. రెండోసారి అడగడం 58లో. మీ 40 భాగాలకి కుదిస్తే, హీరోకి గట్టిగా తగలాల్సింది 22 దగ్గర, చేసిన పని బయటపడాల్సింది 34 దగ్గర, ఇద్దరూ ఒకటవ్వాల్సింది 38 దగ్గర. మీ ప్రణాళికలో క్షమాపణ 39లో పెట్టి 40లో పెళ్లి చేసేశారు. అంత ఆలస్యంగా అడిగితే పెళ్లి ముహూర్తం దాటిపోతుందని అడిగినట్టుంటుంది. 23, 24 భాగాల్లోనే ఒకసారి అడగనివ్వండి. ఆమె కాదననివ్వండి. మిగతా పదిహేను భాగాలూ ఆ కాదన్నదాని మీదే నడుస్తాయి.

ఇక మాటల సంగతి. మీరు రాసింది ఇది:

‘జరిగిందేదో జరిగిపోయింది జాహ్నవీ. ఆ రోజు నోరు జారింది. చిన్నప్పట్నుంచీ మోసపోయి మోసపోయి ఇలా తయారయ్యాను. నన్ను అర్థం చేసుకో.’

క్రియలు చూడండి. జరిగిపోయింది. జారింది. తయారయ్యాను. ఇందులో తప్పు చేసినవాడు ఎక్కడున్నాడు? ఎవరూ ఏమీ చేయకుండానే అన్నీ వాటంతటవే అయిపోయే సౌకర్యం మన భాషలో పుష్కలం: గ్లాసు పగిలింది, కోపం వచ్చింది, చెయ్యి లేచింది, తప్పయిపోయింది. మామూలు మాటల్లో దీని వల్ల నష్టం లేదు. క్షమాపణలో మాత్రం ఇది హీరోని కాపాడే తలుపు. పాఠకులు వ్యాకరణం పేరెత్తరు గానీ ‘వీడు మనసారా అడగలేదు’ అని మాత్రం టక్కున పట్టేస్తారు. పైగా చివర్లో ‘అర్థం చేసుకో’ అని పని ఆమెకే అప్పజెప్పాడు.

ఇలా మార్చి చూడండి:

‘పదిమంది ముందు నిన్ను దొంగవన్నాను. బ్యాగు తెరిపించాను. అకౌంట్స్‌లో అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోయేది, అడగలేదు. రేపు పొద్దున ఆ పదిమందికీ నేనే చెప్తాను. నువ్వు అక్కడ ఉండక్కర్లేదు.’

అన్నాను, తెరిపించాను, అడగలేదు. ప్రతి క్రియకీ కర్త అతనే. ఏం చేశాడో పేరుపెట్టి చెప్పాడు, చేయగలిగీ చేయనిదేమిటో చెప్పాడు, రేపేం చేస్తాడో చెప్పాడు. ఆమెని ఏమీ అడగలేదు. మొత్తం ఐదు వాక్యాలు. అరపేజీ దాటితే క్షమాపణ కాస్తా ఉపన్యాసమవుతుంది. రాశాక ‘కానీ’, ‘అయితే’, ‘ఏదేమైనా’ ఎక్కడైనా ఉన్నాయేమో వెతకండి. ఒక్కటి దొరికినా ఆ వాక్యం తీసేయాల్సిందే.

అతని బాల్యం పనికిరాదని అనడంలేదు. దాన్ని క్షమాపణ సన్నివేశంలో పెట్టొద్దు. కనీసం ఐదారు భాగాల ముందే, వేరే సందర్భంలో, వీలైతే వేరేవాళ్ల నోట రావాలి. అప్పుడది అతని గురించి మనకి తెలిసిన సంగతి. క్షమాపణ పక్కన పెడితే వకాల్తా.

కొందరు రచయితలు ఈ సన్నివేశం ఎగ్గొట్టడానికి హీరోకి యాక్సిడెంట్ చేయించి ఐసీయూలో పడుకోబెడతారు. తలకి కట్టు కట్టాక కాదనడానికి ఆమెకి మనసెలా వస్తుంది? అది ఆమె క్షమించడం కాదు, రచయిత ఆమె చెయ్యి మెలితిప్పడం. నగల పెట్టెతో వచ్చే హీరో కూడా ఈ కోవలోవాడే.

ఇంకో చిన్న సంగతి. ఆఫీసులో ఆమె అతన్ని ‘మీరు’ అంటోంది. ‘నువ్వు’ లోకి మారడాన్ని ఈ సన్నివేశంలో వాడేయకండి, 38 దాకా దాచండి. అక్కడ ఆమె ‘కాఫీ తాగుతావా?’ అంటే చాలు. ఆ ఒక్క క్రియ చేసే పని పేజీ వర్ణన కూడా చేయలేదు. దయచేసి, ‘ఆమె మొదటిసారి నువ్వు అంది’ అని మీరు కలగజేసుకుని చెప్పకండి.

బయట అలాంటివాడు తారసపడితే గుమ్మం తొక్కనివ్వను. నవల్లో అయితే రాత్రి 2 దాకా వాడి కోసం మేలుకుంటాను. నాలోనే ఏదైనా తేడా ఉందా? – ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్

ఏ తేడా లేదండీ. హీరోయిన్‌కి తెలియనివి మీకు రెండు తెలుసు. ప్రేమ నవల సుఖాంతమవుతుందని తెలుసు. అతని మనసులో ఏముందో రచయిత చెప్పారు కాబట్టి అదీ తెలుసు. బయట ఈ రెంటికీ హామీ లేదు, అందుకే గుమ్మం దగ్గరే ఆపేస్తున్నారు. పాత నవలల్లో పడవలాంటి కారు దిగి ముక్తసరిగా మాట్లాడే హీరోని మన అమ్మలూ అమ్మమ్మలూ ఇష్టపడింది కూడా ఈ భరోసాతోనే. ఇంటికి అలాంటి అల్లుడొస్తే ఏమనేవారో వేరే చెప్పాలా.

కాకపోతే ఏ పేజీ దగ్గర పుస్తకం పక్కన పెట్టాలనిపించిందో ఈసారి గమనించండి. చాలామందికి అది హీరో పెద్ద తప్పు చేసిన పేజీ కాదు. హీరోయిన్ ఎదురు సమాధానం చెప్పడం మానేసిన పేజీ. ఆమె మాటకి మాట అంటున్నంతసేపు అది ఇద్దరి పోటీ. ఆమె నోరు మూతపడ్డాక మిగిలేది అతని దబాయింపు ఒక్కటే.

కాలేజీ ప్రేమకథ. ఆమె వద్దన్నా హీరో నెల రోజులు బస్టాప్ దాకా వెంటపడతాడు. చివరికి ఆమె కరుగుతుంది. పాత నవలల్లో, సినిమాల్లో ఇది మామూలే కదా? ఇప్పుడెందుకు ఒక్కసారిగా తప్పయింది? – రచయిత, అనంతపురం

ఒక్కసారిగా కాదు. ఇష్టం లేదని ఆమె స్పష్టంగా చెప్పాక కూడా పదేపదే వెంటపడటాన్ని 2013లో శిక్షాస్మృతిలో 354డి సెక్షన్‌గా ప్రత్యేక నేరం చేశారు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారి నేరానికి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. ఫోన్‌లో, ఇంటర్నెట్‌లో ఆమె ఏం చేస్తోందో కనిపెడుతుండటం కూడా ఇందులోకే వస్తుంది. మీ పాఠకురాలు ఆ బస్టాప్‌లో నిలబడే అమ్మాయే. ఆమె దృష్టిలో ఆ నెల రోజులూ సరసం కాదు, రోజూ వేరే దారి వెతుక్కున్న నెల రోజులు.

ఇది మన దగ్గరే జరిగిన మార్పూ కాదు. 1972లో అమెరికాలో వచ్చిన ‘ది ఫ్లేమ్ అండ్ ది ఫ్లవర్’ నవలలో హీరో హీరోయిన్‌ని బలవంతం చేస్తాడు, అయినా పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఈ రోజు అదే దృశ్యం హీరోకి రాసిస్తే అక్కడి ప్రేమ నవలల పాఠకులే ఊరుకోరు.

కథ పాడవకుండా బాగుచేయడం తేలికే. ఒకసారి అడుగుతాడు. ఆమె వద్దంటుంది. అతను వెళ్లిపోతాడు. వెళ్లిపోయాడన్నది పాఠకులకి కనిపించాలి: మర్నాడు అతను వేరే బస్సెక్కాడు. ఆ తర్వాత వాళ్లు కలవక తప్పని చోటొకటి పెట్టండి, ల్యాబ్ బ్యాచ్, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు, ఏదైనా. మొదటి మాట ఆమె మాట్లాడాలి. అతని లోపం అలాగే ఉండనివ్వండి. పొగరు, అసూయ, ఓటమి తట్టుకోలేకపోవడం, అన్నీ ఉండొచ్చు. అవి ఆమె దారికి అడ్డంగా నిలబడకుంటే చాలు. చెంపదెబ్బ, బలవంతపు ముద్దు, పగతో తాళి కట్టడం గురించి కూడా కొందరు అడిగారు. వాటిని ఎలా క్షమింపజేయాలన్న ప్రశ్నకి మా దగ్గర చిట్కా లేదు. ఆ పని చేసినవాణ్ని హీరోగా కొనసాగించొద్దు, విలన్‌ని చేయండి.

హీరో మనసులోంచి కూడా రాస్తే జాలి పెరుగుతుందా? – రాజమండ్రి

పెరుగుతుంది, మోతాదు మించితే విరుగుతుంది. 40 భాగాల్లో 8 నుంచి 10 చాలు. అతను తప్పు చేసిన వెంటనే వచ్చే భాగం మాత్రం ఎప్పుడూ ఆమెదే. గాయపడ్డ మనిషి దగ్గర పాఠకుల్ని కాసేపు కూర్చోనివ్వకుండా కొట్టినవాడి బాధ చెప్పబోతే చిరాకేస్తుంది. అతని భాగంలో అతను సంజాయిషీ ఇచ్చుకోకూడదు, ఆమెని పొరపాటుగా అర్థం చేసుకోవాలి. ఆమె ఫోన్ ఎత్తకపోతే పొగరనుకున్నాడు. ఆమె తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్లిందని మనకి అంతకు ముందు భాగంలోనే తెలుసు. ఇక అతని తరఫున మీరు వాదించక్కర్లేదు.

హీరో చెల్లి పెళ్లికి చేసిన 18 లక్షల అప్పు దాచి పెళ్లి చేసుకుంటాడు. ఎనిమిది నెలల తర్వాత భార్యకి తెలుస్తుంది. మంచి పని కోసమే చేశాడు కాబట్టి పాఠకులు క్షమిస్తారా? – విజయనగరం

అప్పుని క్షమిస్తారు, దాచడాన్ని కాదు. చెల్లి పెళ్లి కారణం అప్పుకి సరిపోయింది. భార్యకి చెప్పకపోవడానికి వేరే కారణం కావాలి, అది మీ కథలో లేదు. ‘చెబితే పెళ్లికి ఒప్పుకోదేమోనని’ అని నిజాయితీగా రాసేయండి. స్వార్థమే. స్వార్థాన్ని పాఠకులు భరిస్తారు, త్యాగం ముసుగేసిన స్వార్థాన్ని భరించరు.

లెక్క కూడా సరిచూసుకోండి. 18 లక్షలు, 12 శాతం వడ్డీ, ఐదేళ్లు అంటే నెలకి సుమారు 40 వేల ఈఎంఐ. మీ హీరో జీతం 75 వేలన్నారు. అద్దె పోగా మిగిలిందాంతో ఎనిమిది నెలలు భార్యకి అనుమానం రాకుండా ఇల్లు నడవదు. జీతమన్నా పెంచండి, లేదా రెండో నెలకే తెలియనివ్వండి. మేమైతే రెండో నెల అంటాం. ఐదో తారీఖు పొద్దున, పాలవాడికి ఫోన్‌పే చేయడానికి ఆమె అతని ఫోన్ తీసినప్పుడు పైనుంచి ఈఎంఐ మెసేజ్ జారాలి. అతను బాత్రూమ్‌లో ఉండాలి. పాలవాడికి డబ్బులు పంపి, ఫోన్ తీసిన చోటే పెట్టి, ఆ సాయంత్రం దాకా ఆమె ఏమీ అడగకూడదు. ఆ పగలంతా అతనికి చెప్పే అవకాశం ఉంది. చెప్తాడా లేదా అన్న దాన్నిబట్టి మీకు ఇంకో పది భాగాలు కావాలో, ఇరవై కావాలో తేలుతుంది.