ఓడీఎస్ ఉక్కులో యిట్రియా పెంచితే బలం పెరుగుతుందా?

విజయనగరం నుంచి ఎంటెక్ తమ్ముడొకడు అడిగాడు: యిట్రియాని (యిట్రియం ఆక్సైడ్) 0.35 శాతం నుంచి 1 శాతం చేస్తే ఓడీఎస్ ఉక్కు (సన్నని ఆక్సైడ్ రేణువులు లోపల చల్లి బలపరిచిన ఉక్కు) బలం మూడింతలవుతుందా అని. అవదు తమ్ముడూ. మిగిలిన యిట్రియా ముద్ద కట్టి, పగులు అక్కడే మొదలవుతుంది.

ఆక్సైడ్ ఎంత ఉందన్నది కాదు, ఎంత సన్నగా ఉందన్నది చూడాలి. 20 నానోమీటర్ల రేణువు ఒకటి బదులు అదే బరువుకి 4 నానోమీటర్లవైతే 125 వస్తాయి. వాటి మధ్య సందు అయిదో వంతుకి తగ్గిపోతుంది. లోహం వంగాలంటే లోపల కదలాల్సిన అణువుల వరస లోపం, అదే డిస్‌లొకేషన్, ఆ సందులోంచే వంగి దూరాలి కదా, సందు ఇరుకైతే దూరడం కష్టం.

ఆ సన్నదనం తెచ్చేది టైటానియం. ఉక్కు బంతులతో పొడిని దంచే బాల్ మిల్లులో యిట్రియా విడిపోయి ఇనుములో కలిసిపోతుంది. తర్వాత 1150 డిగ్రీల దగ్గర పొడిని కుదించేటప్పుడు ఆ యిట్రియం టైటానియంతోనూ ఆక్సిజన్‌తోనూ జతకట్టి 2-5 నానోమీటర్ల రేణువులుగా బయటికొస్తుంది. కల్పాక్కం అణు కేంద్రం వాళ్ల ఫాస్ట్ రియాక్టర్ ఇంధన గొట్టాల ఉక్కు చూడు: కిలోకి 90 గ్రాముల క్రోమియం, 20 టంగ్‌స్టన్, 3.5 యిట్రియా, టైటానియం 2 గ్రాములే. మన కళింగపట్నం, భావనపాడు ఇసుకలోని ఇల్మనైట్ ఖనిజంలో ఉన్నదీ ఈ టైటానియమే. ఫెర్రో అల్లాయ్స్‌కి పేరున్న గరివిడి పక్కనే ఉందని క్రోమియం కోసం ఫెర్రోక్రోమ్ మాత్రం వెయ్యకు. హై కార్బన్ రకంలో 6-8 శాతం కార్బన్ ఉంటుంది, ఉక్కు పెళుసెక్కిపోతుంది.

అసలు పాడయ్యేది ఆక్సిజన్ దగ్గర. 0.35 శాతం యిట్రియా తనతో 0.074 శాతం ఆక్సిజన్ తెస్తుంది. దానిపైన ఇంకొంచెం కావాలి. ఎక్కువైతే టైటానియాన్ని అదే తినేసి, ముతక ఆక్సైడ్లు చేస్తుంది. ఆర్గాన్ నింపిన మిల్లు జార్‌ని శాంపిల్ కోసమని అయిదేసి గంటలకి వేడిమీదే తెరుస్తారు. గాలి తగిలిన కొత్త పొడి అంచున ఎర్రగా రాజుకుని పొగొస్తుంది. రాజుకోకపోయినా ఆక్సిజన్ ఎక్కేసినట్టే. చల్లారాక, ఆర్గాన్ గ్లోవ్ బాక్సులోనే తెరవాలి. అంటుకోకుండా మిథనాల్ పోస్తే కార్బన్ కూడా చేరుతుంది. థీసిస్‌లలో తూకం వేసిన పాళ్లు రాసి, మిల్లు నుంచి వచ్చిన పొడిలో ఆక్సిజన్ కొలవకుండా వదిలేయడం చాలా తప్పు.

తుప్పు పట్టకుండా 4 శాతం అల్యూమినియం కలిపితే యిట్రియం టైటానియాన్ని వదిలి దానితో పోతుంది, రేణువులు లావెక్కి బలం తగ్గుతుంది. 0.6 శాతం దాకా జిర్కోనియం వేస్తే మళ్లీ సన్నబడతాయి. క్రోమియం 14 శాతం దాటితే 475 డిగ్రీల పెళుసుదనం (ఆ వేడి దగ్గర చాలాసేపు ఉంటే ఉక్కు పెళుసెక్కడం) గుర్తుంచుకో.

ముందు నీ పొడి ఆక్సిజన్, నైట్రోజన్ అంకెలు పెట్టు. టైటానియం ఎంతో అప్పుడు లెక్కేద్దాం.