పాల అలర్జీ ఉన్న పాపకు పెరుగన్నం బదులు ఏం పెట్టాలి?

అక్కా, తిరుపతికి మారాక పాపకు పెరుగన్నం లేకుండా భోజనం ముగించలేకపోతున్నామని రాశారు. మా అబ్బాయికీ ఇదే అలర్జీ, కాబట్టి మీ టెన్షన్ నాకు తెలుసు.

చెనక్కాయలు (వేరుశనగ గింజలు) పడతాయని డాక్టరు చెప్పి ఉంటే పెరుగు వాటితోనే చేయండి. ఒక కప్పు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మూడు కప్పుల నీళ్లతో మెత్తగా రుబ్బి వడకట్టండి. అడుగంటకుండా కలుపుతూ కాచి, వేలు పెడితే గోరువెచ్చగా ఉన్నప్పుడు తొడిమలతో ఐదారు పచ్చిమిరపకాయలు వేసి మూత పెట్టండి. మన ఎండలకు తెల్లారేసరికి తోడుకుంటుంది. కాస్త చెనక్కాయ వాసన వస్తుంది. అల్లం, కరివేపాకు తాలింపు పెడితే మావాడు గిన్నె నాకేస్తాడు.

రాగి సంగటి, ఊరిబిండి (చెనక్కాయల పచ్చడి), నాటుకోడి పులుసులో పాలతో పనే లేదు. సంగటి మీద నెయ్యి మాత్రం వద్దనండి. నెయ్యిలోనూ పాల ప్రోటీన్ కొద్దిగా మిగులుతుంది, అందుకే శ్రీవారి లడ్డూ కూడా పాపకు పెట్టకండి. హోటల్లో నూనె దోసె అడిగినా పెనం మీద ముందు వేసిన నేతి దోసె తడి ఉంటుంది. మేము ఒకసారి అలాగే దెబ్బతిన్నాం, అప్పటినుంచి ఇడ్లీయే.