పేషెంట్ పోయినా ఏడుపు రావడం లేదు

ప్రశ్న: గుంటూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. వయసు 34. వారానికి మూడు, నాలుగు నైట్ డ్యూటీలు. ఇదివరకు పేషెంట్ పోతే ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు. పాప పాలు ఒలికిస్తే మాత్రం అరిచేస్తున్నాను. మావారు మెడిటేషన్ చేయమంటారు. కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది, లేదంటే మానిటర్ అలారం చెవుల్లో మోగుతుంది. నేను రాయినైపోయానా?

జవాబు: లేదమ్మా. పాప మీద అరిచినందుకు ఇంత బాధపడుతున్నారు కదా. దీన్ని బర్నవుట్ అంటారు. జబ్బు కాదు, పని ఒత్తిడి తీరకుండా పేరుకుపోతే వచ్చే స్థితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఒంట్లో శక్తి ఇంకిపోతుంది, పని మీద మనసు విరుగుతుంది, చేసిందానికి విలువ లేదనిపిస్తుంది. మీకు ఏడుపు రాకపోవడం కూడా అందులోదే కావచ్చు.

కూర్చుంటే నిద్రొస్తే పడుకోండి. నైట్ చేసొచ్చిన మనిషికి ముందు కావాల్సింది అదే. ఆ పూట టిఫిన్, పాప బడి మీవారు చూసుకోవాలి. ఈ మాట ఆయనకు చూపించండి.

ఇక మెడిటేషన్ సంగతి. అందులో ఒక పద్ధతైన మైండ్‌ఫుల్‌నెస్ అంటే కళ్లు మూసుకుని కూర్చోవడం ఒక్కటే కాదు. 1979లో అమెరికాలో జాన్ కబాట్ జిన్ అనే శాస్త్రవేత్త దీన్ని ఆసుపత్రికి తెచ్చింది దీర్ఘకాలం నొప్పులతో బాధపడేవాళ్ల కోసం. చేస్తున్న పనిలో ఎరుకతో ఉండటం అందులో ముఖ్యం. మీరు రోజుకు ఎన్నిసార్లు చేతులు కడుక్కుంటారు! సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడగాలని మీకు నేర్పిందే. ఆ నిమిషం మీది. గ్లవ్స్ తీశాక మెత్తబడిన వేళ్లు, వాటి మధ్య నురగ, నీళ్లు. గుంటూరు ఎండకు కుళాయి నీళ్లు వేడిగా వస్తే ఆ వేడినే గమనించండి. అలారం గుర్తొస్తే రానివ్వండి, మళ్లీ వేళ్ల దగ్గరికి రండి. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేటప్పుడూ అంతే, ఆ తర్వాతే పాపను ఎత్తుకోండి. కొన్నాళ్లకు ఆగిన ఏడుపు తిరిగి రావచ్చు. భయపడకండి, ఏడవండి.

అయితే ఇద్దరి పని ఒక్కరి మీద పడితే ఏ ధ్యానమూ దాన్ని సరిచేయదు. నైట్‌లు తగ్గించమని ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు కాగితం మీద రాసివ్వండి. ఒంటరిగా వెళ్లొద్దు, మీలాగే నలుగుతున్న ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకెళ్లండి.

ఆఫ్ రోజున కూడా నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.

వచ్చే నెల రోస్టర్‌లో ఎన్ని నైట్‌లు వేశారో నాకు రాయండి.